ఆ పేరు ఎవరి పేరు మీద ఉంది?

2025 జూన్ రెండో వారంలో ఒక రోజు, ఇంకా కాఫీ కూడా తాగకముందే అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, మన నర్సరీ సైటు తెరిస్తే పేకాట వస్తోందిరా. బెంగళూరు కాంట్రాక్టరు గారు ఫోన్ చేసి, ఏంటమ్మా మొక్కల వ్యాపారం మానేశారా అంటున్నారు. నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు."

తెరిచి చూశాను. ఎనిమిదేళ్లుగా నందివర్ధనం, నూరువరహాలు, ఫాక్స్‌టెయిల్ పామ్ ఫొటోలు ఉన్న చోట రంగుల చక్రం ఒకటి గిరగిరా తిరుగుతోంది. దాని కింద ఆడమని పిలుస్తూ మెరిసే బటన్. అక్కావాళ్ల ఫోన్ నెంబరు లేదు, అడ్రసు లేదు, ఒక్క మొక్క లేదు.

అక్కా బావలది కడియపులంకలో నర్సరీ. అటువైపు వెళ్లినవాళ్లకి చెప్పక్కర్లేదు, రోడ్డుకి రెండు పక్కలా కనుచూపు మేర మొక్కలే. అన్ని నర్సరీల మధ్య వీళ్లది చిన్నదే కానీ, హైదరాబాద్, బెంగళూరు, నాగపూర్ దాకా లారీలు వెళ్తాయి. విల్లాలు కట్టేవాళ్లు, లేఅవుట్లు వేసేవాళ్లు రేటు మాట్లాడాక అడిగే మొదటి మాట "సైటు ఉందా అండి, ఫొటోలు చూసుకుంటాం" అని. అందుకే ఆ సైటు పేరు బిల్లు పుస్తకం మీద ఉంది, లారీ వెనక తలుపు మీద ఉంది, మొక్క పెట్టి పంపే గ్రోబ్యాగుల మీదా ఉంది. ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే మీలో కొందరు తెరిచి చూస్తారు, ఆ రాబడి జూదం సైటువాళ్లకే పోతుంది.

నేను పన్నెండేళ్లుగా హైదరాబాద్‌లో హోస్టింగ్ సపోర్టు పని, అంటే సైట్లకి చోటు అద్దెకిచ్చే కంపెనీలో పని చేస్తున్నాను. "సైటు పోయిందండి", "మెయిల్స్ రావట్లేదండి" అనే ఫోన్లు రోజూ ఎత్తుతాను. ఎత్తగానే అడిగే మొదటి ప్రశ్న, డొమైన్ (అంటే సైటు పేరు) ఎవరి పేరు మీద ఉందండీ అని. అవతల కాసేపు మాట ఉండదు. ఆ తర్వాత చాలాసార్లు వచ్చే జవాబు ఒకటే, "మా సైటు చేసిన అబ్బాయికి తెలుసండి." రోజూ ఊళ్లోవాళ్లందర్నీ అడిగే ఈ ప్రశ్నని సొంత అక్కని ఎనిమిదేళ్లలో ఒక్కసారీ అడగలేదు. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

సైటు చేసిన అబ్బాయి మోసగాడు కాడు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే సంగతి విన్నవాళ్లంతా "వాడి మీద కేసు పెట్టండి" అన్నారు. 2017లో రాజమండ్రిలో డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న కుర్రాడు. బావ పన్నెండు వేలిచ్చాడు. బావకి అప్పట్లో ఆన్‌లైన్‌లో కార్డు వాడే అలవాటు లేదు, కాబట్టి కుర్రాడు తన మెయిల్‌తో ఖాతా తెరిచి, తన కార్డుతో డొమైన్ కొన్నాడు. ఏటా మార్చిలో "అన్నా, రెన్యువల్" అని ఫోన్ చేసేవాడు, బావ డబ్బు వేసేవాడు, అతను కట్టేవాడు. తర్వాత దుబాయ్ వెళ్లిపోయాడు. అక్కడినుంచి కూడా ఒక ఏడాది గుర్తుపెట్టుకుని కట్టాడు. ఆ తర్వాత నెంబరు మారింది, కార్డు గడువు అయిపోయింది, గుర్తుచేసే మెయిల్స్ అతను తెరవడం మానేసిన పాత మెయిల్‌బాక్సులో పడ్డాయి. మార్చి 20న డొమైన్ గడువు ముగిసింది. సైటు ఆగిపోయింది.

ఆగిపోయిన సంగతి అక్కావాళ్లకి వెంటనే తెలిసింది కూడా. "ఏదో సర్వర్ ప్రాబ్లం అయ్యుంటుంది, ఈ లోడ్లు అయ్యాక తమ్ముడికి చెబుదాం" అనుకున్నారు. ఎండల్లో మొక్కలు కాపాడుకోవడం, వానలు పడగానే ఆర్డర్లు ఎక్కించడం, ఆ మూడు నెలలు వాళ్లకి ఊపిరాడదు.

ఆ మూడు నెలల్లోనే జరగాల్సిందంతా జరిగిపోయింది. డాట్ కామ్ పేరు గడువు దాటగానే ఎవరికో వెళ్లిపోదు. రిజిస్ట్రార్‌ను, అంటే ఆ పేరు అమ్మిన కంపెనీని బట్టి 45 రోజుల దాకా మామూలు రుసుముతోనే తిరిగి కట్టుకునే వీలు ఉండొచ్చు. అది దాటితే 30 రోజుల గడువు ఇంకొకటి ఉంటుంది. అప్పుడు మామూలు రుసుముకి ఎన్నో రెట్లు అపరాధ రుసుము కట్టి వెనక్కి తెచ్చుకోవాలి. అదీ దాటాక 5 రోజులు ఎవరూ ముట్టుకోలేని స్థితి. ఆరో రోజు ఆ పేరు బజార్లో ఉంటుంది. కొన్ని రిజిస్ట్రార్లు అంతదాకా ఆగవు, మధ్యలోనే వేలానికి పెడతాయి. ఇలా గడువు తీరే పేర్ల కోసం రాత్రింబవళ్లు కాచుకుని ఉండే ప్రోగ్రాములు ఉన్నాయి. పాత పేరుకి గూగుల్‌లో నమ్మకం ఉంటుంది, దానికి దారితీసే లింకులు ఉంటాయి, అలవాటుగా వచ్చే మనుషులు ఉంటారు. జూదం సైట్లు నడిపేవాళ్లకి అలాంటి పేరు రెడీమేడ్ కొట్టులాంటిది. లెక్కేసి చూస్తే 80 రోజులు. మే నెలాఖరు దాకా ఏ రోజు నాకు చెప్పినా, కొంత డబ్బు పోయినా పేరు దక్కే అవకాశం ఉండేది.

ఇక్కడ నన్ను కలచివేసేది వేరే ఉంది. మూడేళ్ల క్రితం బావ నర్సరీ పక్కనే అర ఎకరం కొన్నాడు. ముప్ఫై ఏళ్ల ఈసీ తీయించాడు. లింకు డాక్యుమెంట్లు లాయరు గారికి చూపించాడు. అడంగల్, వన్‌బీ, పాస్‌బుక్, సర్వే, అన్నీ అయ్యాకే అడ్వాన్సు ఇచ్చాడు. "డబ్బు నాది, పేరు ఇంకొకరిది" అనే మాట భూమి దగ్గర వింటే ఆయన మంచినీళ్లు కూడా ముట్టడు. అలాంటి మనిషి, తన ఖాతాదారుల్లో సగం మంది తనను వెతుక్కుంటూ వచ్చే పేరు ఎవరి పేరు మీద ఉందో ఎనిమిదేళ్లు అడగలేదు. బావ ఒక్కడే కాదు. చీరల షాపులు, స్కానింగ్ సెంటర్లు, ట్యూషన్ సెంటర్లు, కల్యాణ మండపాలు, నేను మాట్లాడిన చాలామందిది ఇదే తీరు. కనబడని ఆస్తికి దస్తావేజు ఉంటుందని మనకి తోచదు.

అసలు ఇదెలా పనిచేస్తుందో ఫోన్ భాషలో చెప్తాను, మా అక్కకి అలా చెబితేనే ఎక్కింది. డొమైన్ పేరు మీ ఫోన్ నెంబరు లాంటిది. రిజిస్ట్రార్ సిమ్ కంపెనీ. హోస్టింగ్ మీ చేతిలో ఉన్న ఫోన్. ఫోన్ పగిలిపోతే సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేసుకుంటారు, మీకు ఫోన్ చేసేవాళ్లకి ఆ సంగతే తెలియదు. సిమ్ కంపెనీ నచ్చకపోతే 1900కి మెసేజ్ పెట్టి, కోడ్ తెప్పించుకుని వేరే కంపెనీకి మారతారు, నెంబరు అదే ఉంటుంది. డొమైన్‌కీ సరిగ్గా అలాంటి కోడే ఉంటుంది. మీరు అడిగితే డాట్ కామ్ లాంటి పేర్లకి రిజిస్ట్రార్ 5 రోజుల్లోపు దాన్ని ఇచ్చి తీరాలి. కొత్తగా కొన్నాకో, ఒకసారి మారాకో మాత్రం మామూలుగా 60 రోజులు ఆగాలి.

ఇప్పుడు అక్కని ఒకటే అడిగాను. "నీ సిమ్ ఎవరి ఆధార్ మీద తీసుకున్నావు?" "నాదే, ఇంకెవరిది?" "మరి కొట్లో పనిచేసే కుర్రాడి ఆధార్ మీద తీసుకుంటావా?" "పిచ్చా ఏంటి, రేపు వాడు మానేస్తే?" అంది. అని, తనే ఆగిపోయింది.

ఇంకో పోలిక కూడా కుదురుతుంది. రీచార్జి చేయకుండా వదిలేసిన నెంబరు కొన్నాళ్లకి ఇంకొకరికి వెళ్తుంది. ఆ కొత్త మనిషికి మీ చుట్టాల ఫోన్లు వెళ్తాయి, మీ ఓటీపీలు వెళ్తాయి. డొమైన్ కూడా అంతే. ఎవరూ దాన్ని శాశ్వతంగా కొనుక్కోలేరు. ఒకేసారి కట్టగలిగేది గరిష్ఠంగా 10 ఏళ్లకి. "డొమైన్ కొన్నాం" అంటాం గానీ అది లీజు. కట్టినన్నాళ్లూ మీది, మానేసిన నాడు కాదు.

1983కి ముందు ఈ గొడవే లేదు. అప్పటి నెట్‌వర్కులో ఉన్న కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఒక ఫైల్‌లో ఉండేవి, కాలిఫోర్నియాలోని ఒక పరిశోధన సంస్థ దాన్ని రాసి పెట్టేది, మిగతావాళ్లు తెచ్చుకునేవాళ్లు. కంప్యూటర్లు పెరిగేసరికి అది కుదరక పాల్ మోకపెట్రిస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త డీఎన్ఎస్ (డొమైన్ నేమ్ సిస్టమ్) అనే పద్ధతిని రూపొందించాడు. ఒకే జాబితా బదులు బాధ్యతని పంచడం అందులోని కిటుకు. డాట్ కామ్ జాబితా ఒకరి దగ్గర ఉంటుంది. అందులో మీ పేరు పక్కన "ఈ పేరు సంగతి ఫలానా నేమ్ సర్వర్లని అడగండి" అని మాత్రమే రాసి ఉంటుంది. ఆ నేమ్ సర్వర్ల దగ్గర అసలు వివరాలు ఉంటాయి. సైటు ఏ కంప్యూటర్ మీద ఉంది, మెయిల్ ఎక్కడికి పోవాలి, ఇవన్నీ. కాబట్టి రిజిస్ట్రార్ ఖాతా తాళం ఎవరి దగ్గరుంటే, నేమ్ సర్వర్లని వాళ్లు మార్చగలరు. నేమ్ సర్వర్లు మారితే సైటూ మారుతుంది, మెయిలూ మారుతుంది. మీరు సైటుకి లక్షలు పెట్టి ఉండండి, ఆ ఒక్క గీత ఎవరు మార్చగలరో ఆ సైటు వాళ్లది.

అక్కకి అసలు దెబ్బ తగిలింది మెయిల్ దగ్గర. సైటు పోతే పరువు నష్టం, మెయిల్ పోతే ఇల్లు గుల్ల. వాళ్ల జీఎస్టీ పోర్టల్‌లో, బ్యాంకులో, ఫేస్‌బుక్ పేజీకి, అన్నిటికీ ఇచ్చిన మెయిల్ ఆ డొమైన్ మీద ఉన్నదే. విజిటింగ్ కార్డు మీద సొంత పేరుతో మెయిల్ ఉంటే దర్జాగా ఉంటుందని అప్పట్లో నేనే చెప్పాను. ఇప్పుడు ఆ డొమైన్ చేతిలో ఉన్నవాడు దాని మీద ఏ మెయిల్ కావాలంటే అది తెరుచుకోగలడు. ఎక్కడికైనా వెళ్లి "పాస్‌వర్డ్ మర్చిపోయాను" అని నొక్కితే, ఆ లింకు నేరుగా అతని ఒళ్లో పడుతుంది. ఆ రోజు నేను ఆఫీసుకి సెలవు పెట్టాను. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా అక్కా నేనూ ఫోన్‌లోనే. ఒక పాత లెక్కల పుస్తకంలో తను ఒక్కొక్క ఖాతా పేరు రాయడం, మెయిల్ మార్చడం, కొట్టేయడం. మొత్తం పదిహేడు. చివరికి వచ్చేసరికి తన గొంతు పోయింది. ఎవరూ ఏదీ తెరవలేదు, అదృష్టం. ఆ పేరు కొన్నవాళ్లకి కావాల్సింది మా మెయిల్ కాదు, పేరు మాత్రమే.

ఇదంతా చదువురానివాళ్లకి జరుగుతుందనుకోకండి. 1999 డిసెంబర్‌లో మైక్రోసాఫ్ట్ తన పాస్‌పోర్ట్ డాట్ కామ్ రెన్యువల్ మర్చిపోయింది. హాట్‌మెయిల్ లాగిన్ దాని మీదే నడిచేది. క్రిస్మస్ సెలవుల్లో ఎంతోమందికి మెయిల్ తెరుచుకోలేదు. కారణం కనిపెట్టిన ఒక బయటి ప్రోగ్రామర్ తన కార్డుతో 35 డాలర్లు కట్టి బాగుచేశాడు. 2015 సెప్టెంబర్‌లో, గూగుల్‌లో ఒకప్పుడు పనిచేసిన ఒక భారతీయుడు డొమైన్లు వెతుకుతుంటే గూగుల్ డాట్ కామ్ 12 డాలర్లకి అమ్మకానికి కనిపించింది. కొన్నాడు. ఒక నిమిషం పాటు అది అతనిదయింది. గూగుల్ ఆ అమ్మకాన్ని రద్దుచేసి, అతనికి 6,006.13 డాలర్ల బహుమతి ఇచ్చింది. అతను దాన్ని దానానికి ఇమ్మంటే రెట్టింపు చేసింది. వాళ్లు పెద్దవాళ్లు, పొరపాటు జరిగినా వెనక్కి తెచ్చుకునే దారులున్నాయి. కడియపులంకకి ఆ దారి లేదు.

కోర్టు ఉంది కదా అన్నారు కొందరు. ఉంది. మన సుప్రీంకోర్టు 2004లోనే సత్యం ఇన్ఫోవే కేసులో, డొమైన్ పేరుకి ట్రేడ్‌మార్కుకి ఇచ్చే రక్షణ లాంటిదే ఇవ్వాలని చెప్పింది. ఆ కంపెనీ తన పేరులోని అక్షరాలు కలిపి 'సిఫీ' అని పేరు చేసుకుంటే, ఇంకొకరు దాదాపు అలాగే వినిపించే పేరు రిజిస్టర్ చేశారు. కోర్టు సత్యం పక్షాన తీర్పు ఇచ్చింది. కోర్టు దాకా వెళ్లకుండా మధ్యవర్తుల దగ్గర తేల్చుకునే పద్ధతులూ ఉన్నాయి, డాట్ కామ్‌కి ఒకటి, డాట్ ఇన్‌కి ఇంకొకటి. కానీ అక్కడ మీరు రుజువు చేయాల్సినవి ఉంటాయి. ఆ పేరు మీద మీకు హక్కు ఉండాలి, అవతలివాడు దురుద్దేశంతో కొని ఉండాలి. మా అక్కది ఊరి పేరూ, నర్సరీ అన్న మాటా కలిపిన పేరు. ట్రేడ్‌మార్కు లేదు. లాయరు గారు మర్యాదగా చెప్పారు, ఖర్చు పెట్టించడం నాకిష్టం లేదమ్మా అని.

ఇక అందరూ అడిగే ప్రశ్న. ఈ రోజుల్లో సైటు దేనికి, వాట్సాప్ ఉంది, ఇన్‌స్టా ఉంది, గూగుల్ మ్యాప్స్ ఉంది కదా? ఇందులో నిజం ఉంది. మీది వీధి చివర టిఫిన్ సెంటరైతే మ్యాప్స్‌లో టైమింగ్స్ సరిగ్గా పెట్టుకోండి, అంతకన్నా ఏమీ అక్కర్లేదు, మీకు సైటు అమ్మడానికి వచ్చినవాణ్ణి టీ ఇచ్చి పంపించేయండి. కానీ దూరపువాళ్లు మిమ్మల్ని చూడకుండా డబ్బు పంపాల్సిన వ్యాపారమైతే సంగతి వేరు. 2020 జూన్ 29న మన ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించింది, అందులో టిక్‌టాక్ ఒకటి. దాని మీద లక్షల మంది అభిమానుల్ని కూడబెట్టుకున్న మన పల్లెటూరి పిల్లలు ఎందరో రాత్రికి రాత్రి ఒంటరివాళ్లయిపోయారు. నిషేధం తప్పా ఒప్పా అన్నది కాదు నా మాట. ఇంకొకరి అరుగు మీద కూర్చుని అమ్ముకునేవాడికి ఆ అరుగు ఎప్పుడు తీసేస్తారో చెప్పే హక్కు ఉండదు. ఇన్‌స్టా వాడండి, వాట్సాప్ వాడండి, కానీ బోర్డు మీద, బ్యాగు మీద, లారీ మీద రాసే పేరు మాత్రం మీ పేరు మీద ఉన్నదే రాయండి. సైటు లేకపోయినా ఫరవాలేదు. ఆ పేరు తెరిస్తే వాట్సాప్‌కో ఇన్‌స్టా పేజీకో వెళ్లేలా పెట్టుకోవచ్చు. రేపు ఇంకో యాప్ వస్తే దారి అటు తిప్పుకుంటారు.

హోస్టింగ్ గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అది అంత భయపడాల్సిన విషయం కాదు. రోజంతా, ఏడాదంతా ఆన్‌లో ఉండే ఒక కంప్యూటర్‌లో మీకు కాస్త చోటు అద్దెకివ్వడమే హోస్టింగ్. షేర్డ్ హోస్టింగ్ అంటే అపార్ట్‌మెంట్, మోటరు అందరికీ ఒకటే. పక్క ఫ్లాటువాళ్లు ట్యాపు వదిలేస్తే మీకు నీళ్లు సన్నగా వస్తాయి. పది పేజీల నర్సరీ సైటుకి, డాక్టరు గారి క్లినిక్‌కి అది బాగా సరిపోతుంది. విడిగా సర్వర్ కావాలని ఎవరైనా అంటే, రోజుకి ఎంతమంది వస్తున్నారో లెక్క చూపించమనండి. 'అన్‌లిమిటెడ్' అని రాసిన ప్రతి ప్లాన్‌కీ ఎక్కడో ఒక హద్దు ఉంటుంది, ఫైళ్ల సంఖ్య మీదో, ప్రాసెసర్ వాడకం మీదో. తాళం గుర్తు వచ్చే ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్‌కి వేలకి వేలు అడిగితే ఇవ్వకండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సేవ దాన్ని 2015 చివర నుంచి ఉచితంగా ఇస్తోంది, చాలా హోస్టింగులు దాన్నే కలిపి ఇస్తాయి. సర్వర్ ముంబైలో ఉందా, హైదరాబాద్‌లో ఉందా అని జుట్టు పీక్కోవాల్సిన పని కూడా లేదు. మీ సైటు నత్తలా నడుస్తుంటే కారణం చాలావరకు సర్వర్ కాదు, ఫోన్‌లో తీసి అలాగే ఎక్కించిన ఫొటోలు. అక్కావాళ్ల మొదటి పేజీలో ఒక్కొక్కటి ఐదు ఎంబీ ఉన్న ఫొటోలు ఇరవై రెండు ఉండేవి. వాటిని కుదించేసరికి అదే హోస్టింగ్ మీద పేజీ టక్కున తెరుచుకుంది.

హోస్టింగ్‌లో నేను గట్టిగా పట్టుపట్టేది ఒక్కటే. కాపీ ఎవరి దగ్గర ఉంది? 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ ఒకటి అగ్నికి ఆహుతైంది. లక్షల సైట్లు ఆగిపోయాయి. అన్నిటికన్నా ఘోరంగా దెబ్బతిన్నవాళ్లు, బ్యాకప్ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నవాళ్లు. ఆ బ్యాకప్ కూడా అదే చోట కాలిపోయింది. పాస్‌బుక్కూ జిరాక్సూ ఒకే బీరువాలో పెట్టినట్టు. నెలకోసారి సైటు మొత్తం దింపి మీ ల్యాప్‌టాప్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో పెట్టుకోండి. కాపీ మీ చేతిలో ఉండి, పేరు మీ పేరు మీద ఉంటే, హోస్టింగ్ కంపెనీ రేపు మూతపడినా ఒక్క రోజులో ఇంకో చోట నిలబడతారు. అక్క సైటుకి కాపీ ఉంది, దాన్ని నేను ముందే తీసి పెట్టాను. కాబట్టి మొక్కల ఫొటోలు, రేట్లు, ఎనిమిదేళ్లుగా రాసుకున్న వివరాలు అన్నీ భద్రంగా ఉన్నాయి. పేరు ఒక్కటే లేదు.

అందుకే డొమైన్ ఒక చోట, హోస్టింగ్ ఇంకో చోట కొనమంటాను. రెండూ ఒక చోట ఉంటే సులువు కదా అని మా ఆఫీసులోనే కొందరు నాతో వాదిస్తారు. సులువే, అన్నీ సవ్యంగా ఉన్నంతకాలం. హోస్టింగ్ బిల్లు మీద గొడవొచ్చి ఖాతా ఆపేసిన రోజున డొమైన్ కూడా అందులోనే ఇరుక్కుంటుంది, అది కళ్లారా చూశాను. 'హోస్టింగ్ కొంటే డొమైన్ ఫ్రీ' అన్నచోట, ఆ ఫ్రీ మొదటి ఏడాదికే. డాట్ కామ్ ఒక్కో పేరుకి రిజిస్ట్రీ (ఆ జాబితా ఉంచే సంస్థ) తీసుకునే టోకు ధర 2024 సెప్టెంబర్‌లో 10.26 డాలర్లకి పెరిగింది. ఎవరైనా 99 రూపాయలకి ఇస్తున్నారంటే మిగతాది వచ్చే ఏడాది మీ దగ్గరే వసూలు చేస్తారు. కొనే ముందు రెన్యువల్ ధర ఎంతో చూడండి, అసలు ధర అదే. రెండు చోట్ల కొన్నప్పుడు ఒక్క జాగ్రత్త. హోస్టింగ్ మార్చేటప్పుడు నేమ్ సర్వర్లు మార్చే ముందు, పాత చోట మెయిల్‌కి సంబంధించిన ఎమ్ఎక్స్ రికార్డులు ఏమున్నాయో ఫొటో తీసుకోండి. కొత్త చోట అవి రాయడం మర్చిపోతే సైటు కొత్తగా మెరిసిపోతూ ఉంటుంది, మెయిల్ మాత్రం నిశ్శబ్దంగా ఆగిపోతుంది. నాకు వచ్చే ఫోన్లలో ఇదొకటి ఎప్పుడూ ఉంటుంది.

పాత పేరు కోసం ఒక బ్రోకర్ ద్వారా అడిగించాం. వాళ్లు చెప్పిన రేటుకి రెండు లారీల మొక్కలొస్తాయి. వద్దంది అక్క. "ఒకసారి ఇస్తే ఇంకోసారి అడుగుతారు" అంది. కొత్త పేరు వెతకడానికి కూర్చున్నాం.

పేరు ఎంచుకునేటప్పుడు తెలుగువాళ్లకి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. మన పేర్లకి ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కటి ఉండదు. 'శ్రీ' అన్న మాటని నాలుగు రకాలుగా రాస్తారు. లక్ష్మిలో ఎక్స్ పెట్టేవాళ్లున్నారు, పెట్టనివాళ్లున్నారు. దీర్ఘానికి ఒక ఏ రాస్తారో రెండు రాస్తారో వాళ్లవాళ్ల ఇష్టం. అందుకని నేనొక పరీక్ష పెడతాను. పేరుని ఫోన్‌లో ఒకరికి చెప్పాలి, అవతలివాళ్లు తిరిగి అడగకుండా టైప్ చేసి సైటు తెరవాలి. అక్క అనుకున్న మొదటి మూడు పేర్లు మా మేనకోడలి దగ్గరే తప్పిపోయాయి. మధ్యలో హైఫన్ పెట్టే ఆలోచన కూడా మానుకోండి, దాన్ని నోటితో చెప్పడం ఎవరికీ కుదరదు.

తెలుగు లిపిలోనే పేరు పెట్టుకోవచ్చు, ఈ సంగతి చాలామందికి తెలియదు. చివర డాట్ భారత్ అని తెలుగక్షరాల్లోనే వస్తుంది. డాట్ ఇన్‌ని చూసే నిక్సీ సంస్థే దాన్నీ చూస్తుంది. నాకు దాని మీద ఎంతో ప్రేమ. స్పెల్లింగు గొడవ ఉండదు, మన పేరు మన అక్షరాల్లో కనిపిస్తుంది. కానీ దాని మీద మెయిల్ పెట్టుకుంటే చాలా ఫారాలు 'తప్పు మెయిల్' అని తోసేస్తాయి. కాబట్టి తోడుగా తీసుకోండి, అదొక్కదాని మీదే ఆధారపడొద్దని బాధతోనే చెబుతున్నాను.

డాట్ కామ్ దొరక్కపోతే డాట్ ఇన్ చిన్నచూపు కాదు. రిజర్వ్ బ్యాంక్ దేశంలోని బ్యాంకులన్నిటినీ 2025 అక్టోబర్ 31 లోపు బ్యాంక్ డాట్ ఇన్ పేర్లకి మారమంది. దొంగ బ్యాంకు సైట్లతో జనం మోసపోతున్నారని, ఆ చివరి అక్షరాలు చూస్తే నమ్మొచ్చు అనేలా చేయాలని. ఆ పేర్లు ఇచ్చే ఏకైక రిజిస్ట్రార్ మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ, రిజర్వ్ బ్యాంక్ పెట్టిన బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ. ఎవరైనా వెళ్లి కొనుక్కునేవి కావు అవి, బ్యాంకని తేలితేనే ఇస్తారు. పేరు ఎవరి పేరు మీద ఉందన్నది దేశం మొత్తానికీ పట్టింపు అయింది ఇప్పుడు.

అక్క చివరికి డాట్ ఇన్ పేరే తీసుకుంది, ఐదేళ్లకి. జీఎస్టీ తన పేరు మీద ఉంది కాబట్టి డొమైనూ తన పేరు మీదే. ఖాతాకి ఇచ్చిన మెయిల్ తన మామూలు జీమెయిల్, కొత్త డొమైన్ మీదిది కాదు. ఎందుకంటే డొమైన్ ఆగితే దాని మీది మెయిలూ ఆగుతుంది, అప్పుడు హెచ్చరిక అందుకునేది ఎవరు? ఫోన్ నెంబరు తనది, ఓటీపీ తన ఫోన్‌కే. మెయిల్‌కి వచ్చిన వెరిఫికేషన్ లింకుని అక్కడికక్కడే నొక్కించాను. అది 15 రోజుల్లో నొక్కకపోతే డొమైన్ ఆపేసే నిబంధన డాట్ కామ్ లాంటి పేర్లకి ఉంది, ఎక్కడ కొన్నా ఆ లింకుని వదిలేయకూడదు. కొత్త సైటుని ఇంకో కుర్రాడు చూసుకుంటాడు. అతనికి హోస్టింగ్ తాళం ఇచ్చాం, రిజిస్ట్రార్ తాళం ఇవ్వలేదు. అతను ఏమీ అనుకోలేదు. పని తెలిసినవాడు ఎవడూ అనుకోడు.

ఇది చదివాక మీరు మీ సైటు సంగతి చూడాలనుకుంటే ఐదు నిమిషాల పని. ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థని చూసే ఐకాన్ సంస్థవాళ్ల లుకప్ పేజీలో మీ సైటు పేరు కొట్టండి. 2018 నుంచి సొంత వివరాలు చాలావరకు దాచేస్తున్నారు గానీ, గడువు తేదీ, రిజిస్ట్రార్ ఎవరు, నేమ్ సర్వర్లు ఏవి అన్నది ఇప్పటికీ కనిపిస్తుంది. తర్వాత సైటు చేసినవాళ్లకి ఫోన్ చేసి, నెమ్మదిగా, అనుమానంగా కాకుండా అడగండి. ఖాతా ఎవరి మెయిల్‌తో ఉంది, దాన్ని నా పేరు మీదకి మార్చి ఇస్తావా అని. ఒకే రిజిస్ట్రార్ దగ్గర మీకూ ఖాతా తెరిస్తే, కంపెనీ మారకుండానే అటునుంచి ఇటు జరిపేయొచ్చు. ఇవాళ అతను హైదరాబాద్‌లో ఉన్నాడు, ఫోన్ ఎత్తుతాడు. దుబాయ్ కుర్రాడు కూడా ఒకప్పుడు ఎత్తేవాడు. సంగతి తెలిసి ఫోన్ చేసి ఏడ్చాడు అతను, డబ్బు నేను కడతానక్కా అన్నాడు. అక్కే ఓదార్చింది.

మొన్న దసరాకి కడియపులంక వెళ్లాను. లారీ తలుపు మీద కొత్త పేరు రాయించారు, పాత అక్షరాలు ఎండపడితే లోపలినుంచి లీలగా కనిపిస్తూనే ఉన్నాయి. కొట్లో గోడకి వేలాడే లెక్కల పుస్తకం చివరి పేజీలో లారీ ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, కరెంటు డిపాజిట్ తేదీల కింద డొమైన్ తేదీ కూడా అక్క చేతిరాతతో ఉంది. షెడ్డులో పాత పేరు అచ్చువేసిన గ్రోబ్యాగులు ఇంకా నాలుగు బండిళ్లు మిగిలాయి. పారేయడానికి మనసొప్పలేదట. ఇద్దరు ఆడవాళ్లు నీడలో కూర్చుని ఒక్కొక్క బ్యాగునీ లోపలివైపు బయటికి తిరగేసి, అక్షరాలు లోపలికి పోయాక మట్టి నింపుతున్నారు.